దసరా సెలవుల్లో ఏ ఊరి జూ? మన జూతో పోల్చాలంటే ఏం చూడాలి?

బహదూర్‌పురా_బస్టాప్:

నమస్తే అండి. పాప ఐదో తరగతి. మన హైదరాబాద్ నెహ్రూ జూ పార్కును ఇంకో రెండు ఊళ్ల జూలతో పోల్చి స్కూల్లో ప్రాజెక్టు ఇవ్వాలి. మైసూరు, వైజాగ్, తిరుపతి, చెన్నై అనుకుంటున్నాం. దసరా సెలవుల్లో రెండు ట్రిప్పులు. ఒక్కోటీ రాత్రి రైలెక్కి, పగలంతా జూ చూసి, మళ్లీ రాత్రికి రైలెక్కేలా ఉండాలి. మా అమ్మగారు కూడా వస్తారు, మోకాళ్ల నొప్పులు. గంటన్నర మించి నడవలేరు.

అసలు డౌటు ఇది. ఎన్ని ఎకరాలు, ఎన్ని జంతువులు అని పట్టిక వేస్తే అది పోల్చడమేనా? అలాంటిది ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు కదా. అక్కడికి వెళ్తేనే తెలిసేది ఏముంటుంది? ఇంకోటి, 55-250 లెన్స్ ఉన్న మామూలు కెమెరా ఉంది. జాలీ అడ్డుంటే ఫోటోలు ఎలా తీయాలో కూడా చెప్పండి.

కాచిగూడ_ప్లాట్‌ఫాం:

ముందు వారం సెలవు చూసుకోండి. ట్రిప్పులు ఎక్కువగా పాడయ్యేది దీనివల్లే. మన జూకి సోమవారం సెలవు కాబట్టి అన్ని ఊళ్లలోనూ అంతేననుకుంటారు. వైజాగ్, భువనేశ్వర్ నందన్‌కానన్ వరకు సోమవారమే. మైసూరు, బెంగళూరు బన్నేరుఘట్ట, చెన్నై వండలూరు మాత్రం మంగళవారం మూస్తారు. ముంబై బైకుల్లా, పుణె బుధవారం. కోల్‌కతా అలీపూర్, డార్జిలింగ్ గురువారం. ఢిల్లీ శుక్రవారం. ఆదివారం రాత్రి రైలెక్కి సోమవారం పొద్దున వైజాగ్‌లో దిగితే గేటు చూసి రావడమే. పండగ రోజు సెలవు వారం పడితే ఒక్కోసారి తెరుస్తారు గానీ దాన్ని నమ్ముకుని టికెట్లు చేయించుకోవద్దు.

ఇక దసరా. మీ జాబితాలో రెండు ఊళ్లకు సరిగ్గా ఆ పది రోజులే గండం. మైసూరులో అదే దసరా ఉత్సవం, ప్యాలెస్ చూసిన జనమంతా మధ్యాహ్నానికి జూ గేటు ముందే ఉంటారు. తిరుపతికేమో బ్రహ్మోత్సవాలు ఆ రోజుల్లోనే. గదుల సంగతి పక్కన పెట్టండి, నారాయణాద్రి రైల్లో బెర్తు దొరకడమే కష్టం. కోల్‌కతా అడగలేదు గానీ, దుర్గాపూజ వారంలో అలీపూర్ కూడా వద్దు.

మిగిలినవి వైజాగ్, చెన్నై. రెండూ మీ లెక్కకు కుదురుతాయి.

వైజాగ్‌కు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దిగుతారు. జూ ఊరి మధ్యలో ఉండదు. మధురవాడ వైపు హైవే మీద, కంబాలకొండ అడవిని ఆనుకుని ఉంటుంది. స్టేషన్ నుంచి పది కిలోమీటర్లు దాటుతుంది. రోడ్లు ఎత్తుపల్లాలు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం కాబట్టి బ్యాటరీ బండి ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

చెన్నైకి చార్మినార్ ఎక్స్‌ప్రెస్. ముందే ఎగ్మూరులో దిగిపోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ బండి తాంబరం దాకా వెళ్తుంది. తాంబరంలో చెంగల్పట్టు వైపు లోకల్ ఎక్కితే పెరుంగళత్తూరు, ఆ తర్వాతి స్టేషన్ వండలూరే. తిరుగు చార్మినార్ తాంబరంలో సాయంత్రమే బయల్దేరుతుంది. మధ్యాహ్నం మూడున్నర కల్లా జూ బయట ఉండాలి. అక్టోబరు మూడో వారం దాటితే అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి, కాబట్టి దసరా ఆలస్యంగా వచ్చిన ఏడాది చెన్నైని ముందు, వైజాగ్‌ను తర్వాత పెట్టుకోండి. ఆ నెలలో వైజాగ్‌కు తుఫాను బెడద ఉంటుంది. వాతావరణ హెచ్చరిక చూడకుండా కదలొద్దు.

ఎలుగుబంటి_నోట్సు:

ఎకరాల పట్టిక గురించి మీ అనుమానం సరైందే. తిరుపతి జూ 5,532 ఎకరాలు అని రాస్తారు. అందులో ఎక్కువ భాగం శేషాచలం పాదాల దగ్గరి అడవి, మనం తిరిగేది అందులో చిన్న ముక్క. వైజాగ్ 625, మనది 380, మైసూరు 157. ఈ వరస ప్రకారం మైసూరు ఆఖరు కావాలి. కానీ గొరిల్లాలను చూడాలంటే దేశంలో ఉన్నది మైసూరు ఒక్కటే. 2014లో పోలో అనే గొరిల్లా చనిపోయాక దాని ఎన్‌క్లోజర్ (జంతువును ఉంచే ఆవరణ) ఖాళీగా ఉండిపోయింది, 2021లో జర్మనీ నుంచి రెండు మగ గొరిల్లాలు వచ్చాయి.

వెళ్తేనే తెలిసేది ఏమిటంటే, జంతువు ఆ స్థలాన్ని ఎలా వాడుకుంటోందన్నది. పాప చేయగలిగిన పద్ధతి చెప్తాను.

అన్ని జూల్లోనూ ఉండే జంతువులు రెండు ఎంచుకోండి. ఎలుగుబంటి, నీటి ఏనుగు బాగుంటాయి. పులి వద్దు, పగలు ఎక్కువగా నిద్రపోతుంది. ఒక్కో ఎన్‌క్లోజర్ ముందు పది నిమిషాలు నిలబడాలి. ఫోన్‌లో అర నిమిషానికోసారి మోగేలా టైమర్ పెట్టండి. మోగిన ఆ క్షణంలో జంతువు ఏం చేస్తోందో ఒక గీత గీయాలి. పడుకుందా, తింటోందా లేక వెతుకుతోందా, నడుస్తోందా, ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతోందా, కనబడడం లేదా. ఐదు గడులు, ఇరవై గీతలు. మధ్యలో ఏదైనా తమాషా జరిగినా మోగినప్పుడు ఉన్నదే రాయాలి. పిల్లలు సరిగ్గా ఇక్కడే తప్పుతారు. ఎలుగు లేచి నిలబడితే అదే రాసేస్తారు.

అదే పనిగా ఒకే దారిలో తిరగడం, తల ఊపడం కనిపిస్తే వెంటనే ఆ జూ చెడ్డదని రాయించకండి. మూడు కారణాలు ఉండొచ్చు. ఒకటి, మాంసం పెట్టే వేళ దగ్గరపడడం. సాయంత్రం రాత్రి గది తలుపు దగ్గర జంతువులు తిరుగుతుంటాయి, అది ఎదురుచూపు. అందుకే మూడు ఊళ్లలోనూ ఒకే వేళకు, ఉదయం తొమ్మిది పది మధ్య గీయాలి. రెండు, ఉపవాసం. చాలా జూల్లో మాంసాహార జంతువులకు వారంలో ఒకరోజు మాంసం పెట్టరు, సాధారణంగా దాన్ని సెలవు రోజుకే కలుపుతారు. సెలవు మర్నాడు చూసిన సింహాన్ని శనివారం చూసిన సింహంతో పోల్చితే లెక్క తప్పుతుంది. మూడు, పాత అలవాటు. సర్కస్‌లో పెట్టెలో పెరిగిన సింహం, ఆడించేవాళ్ల దగ్గర పెరిగిన ఎలుగు విశాలమైన చోటుకు వచ్చాక కూడా పెట్టె కొలతకే తిరుగుతాయి. సర్కస్‌ల నుంచి విడిపించిన సింహాలు, పులుల కోసం వైజాగ్, తిరుపతి, వండలూరు, బన్నేరుఘట్టల్లో పునరావాస కేంద్రాలు పెట్టారు. అవి జనానికి చూపించేవి కావు. టికెట్ కౌంటర్ దగ్గర అడిగి లాభం లేదు.

ఎన్‌క్లోజర్‌లో చూడాల్సినవి మూడే. మధ్యాహ్నం పన్నెండుకు జంతువు పడుకునే చోట నీడ ఉందా. జనానికి కనబడకుండా దాక్కునే చోటు ఉందా. ఇది మనకు చిరాకే గానీ దానికి అవసరం. నేల ఎలా ఉంది, అంతా సిమెంటా, మట్టీ దుంగలూ ఉన్నాయా. ఎలుగుబంటి పనంతా తవ్వడం, పీల్చడం. సిమెంటు నేల మీద దానికి చేయడానికి ఏమీ ఉండదు. చెదపుట్టలాంటిది కట్టి అందులో తేనె పూసి పెడితే ఆ పది నిమిషాల్లో గీతలన్నీ వెతుకుతోంది గడిలోకి వెళ్తాయి. నీటి ఏనుగు కొలను గోధుమ రంగులో ఉంటే శుభ్రం లేదని రాయకండి, అది పేడ వేసేది నీళ్లలోనే. ఒడ్డున ఎక్కడానికి ఏటవాలు ఉందా లేదా చూడండి.

ఇంకో మాట. ఒక్కో జూ ఏ జంతువును పెంచి సంఖ్య పెంచుతోందో రాస్తే ప్రాజెక్టుకు బలం. మనది మూషిక జింక. 2010లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి అత్తాపూర్ ల్యాబ్ లాకోన్స్‌తో కలిసి మొదలుపెట్టారు, 2017 నుంచి అమ్రాబాద్ అడవిలోకి వదులుతున్నారు. వైజాగ్‌ది రేచుకుక్క. వండలూరులో సింహపు తోక కోతి చూడండి. నందన్‌కానన్ అలుగులకు (పాంగోలిన్‌లకు) ప్రసిద్ధి. డార్జిలింగ్‌ది ఎర్ర పాండా, మంచు చిరుత. ఆ డార్జిలింగ్ జూ పేరు పద్మజా నాయుడు మీద ఉంది. సరోజినీ నాయుడు కూతురు, పుట్టింది మన హైదరాబాద్‌లోనే.

బహదూర్‌పురా_బస్టాప్:

గడుల పద్ధతి చాలా బాగుంది, ఈ ఆదివారమే మన జూలో మొదలుపెడతాం. పాపకు రెండు కోరికలు. తెల్ల పులి ఎక్కడ బాగా కనిపిస్తుంది? మన జూలోని నూరేళ్ల తాబేలును కూడా ప్రాజెక్టులో పెడతానంటోంది.

పాతబస్తీ_పోరడు:

ఆదివారం వద్దన్నా. మంగళవారమో బుధవారమో పోవాలె. ఆదివారం, రంజాన్ పండుగ తెల్లారి, కనుమ నాడు లోపల నడుసుడు కాదు, జనమే నిన్ను నడిపిస్తది. పాప పది నిమిషాలు ఒక్కతాన నిలబడి గీతలు గీసుడు అయితదా?

తాబేలు ముచ్చట. గలాపగోస్ తాబేలు, 125 ఏండ్లంటరు, 2024 మార్చిల సచ్చిపోయింది. పాత వీడియోలు చూసి పోతే ఒట్టిగనే తిరుగుతరు. కని ప్రాజెక్టుల మాత్రం పెట్టుర్రి. అది 1963ల బాగె ఆమ్, అంటే గిప్పటి పబ్లిక్ గార్డెన్స్ నుంచి వచ్చింది. మన జూ మొదలు ఉన్నది గాడనే. మీరాలం చెరువు పక్కకు మారి 1963 అక్టోబర్ల జనానికి తెరిసిండ్రు. గేటుకు పోయేముందు మీరాలం కట్ట కూడా చూపెట్టు, కమాన్లు కమాన్లు వరుసగా ఉంటది.

పోయే తీరు చెప్త. గేటు ఎనిమిదిన్నరకు తెరుస్తరు. టికెట్ 2025 మార్చి సంది పెద్దలకు 100, పిల్లలకు 50. ఆన్‌లైన్ల తీసుకుంటే లైన్ తప్పుతది. లోపలికి పోంగనే సఫారీకి ఉరుకుర్రి, పదకొండు దాటితే బస్సు లైన్లనే గంట పోతది, ఎండకు సింహాలు చెట్టు కిందికెళ్లి లెవ్వయి. అటెన్క గీతల పని. మిట్టమధ్యాహ్నం ఎండల తిరగకుండ నిశాచర జంతువుల ఇల్లు చూడుర్రి, అమ్మకు కూడా సల్లగ ఉంటది. దాన్ని 1982ల కట్టిండ్రు. పగటి పూట లైట్లు తీసేసి, రాత్రి పూట ఏస్తరు, గందుకే జంతువులు మన పగటిని రాత్రి అనుకుంటయి. జనం ఏం చేస్తరంటే ఎండల నుంచి సీదా లోపలికొచ్చి, అద్దంల ఏం కనబడక, ఏం లేదుర బై అని రెండు నిమిషాలల బయటికెళ్తరు. కండ్లు చీకటికి అలవాటు అయ్యేదాక మొదటి అద్దం కాడనే ఐదు నిమిషాలు ఆగాలె. అప్పుడు కొమ్మ మీద దేవాంగపిల్లి మెల్లెగ చెయ్యి ముందుకు పెట్టుడు కనబడ్తది. ఫోన్ లైటు ఏస్తే నీ కండ్లూ పాయె, దాని కండ్లూ పాయె.

అమ్మ గురించి. బ్యాటరీ బండి ఎక్కేముందు ఒక్కటే అడుగు. దిగి చూసి మళ్ల వేరే బండి ఎక్కనిస్తరా, లేకుంటే ఒక్క చుట్టు తిప్పి దించేస్తరా? ఏ ఊర్ల పోయినా గిదే అడగాలె.

ప్లాస్టిక్ కవర్లు గేటు కాడనే తీస్కుంటరు. అన్నం స్టీల్ డబ్బాల పెట్టుకపో. కొన్ని ఊర్లల నీళ్ల సీసకు స్టిక్కరేసి పైసలు కట్టించుకుంటరు, వాపస్ చూపెడితే ఇస్తరు. స్టిక్కర్ తడిసి ఊడిపోకుండ చూసుకో.

ఎలుగుబంటి_నోట్సు:

తెల్ల పులి మన జూలో కూడా ఉంది. దాని కోసం ఊరు మారక్కర్లేదు. అయితే పాప ప్రాజెక్టులో అరుదైన జాతి అని మాత్రం రాయించకండి. అది వేరే జాతి కాదు, మామూలు బెంగాల్ పులే, ఒక జన్యువు తేడా. 1951లో రీవా అడవుల్లో పట్టిన మోహన్ అనే పిల్ల నుంచి జూల్లోని తెల్ల పులుల్లో ఎక్కువ భాగం పుట్టాయి. దగ్గరి రక్తసంబంధంలోనే జత కలపడం వల్ల లోపాలు పేరుకున్నాయి, మెల్లకన్ను వాటికి తరచూ ఉంటుంది. ఎదురుగా చూసినప్పుడు గమనించండి. నందన్‌కానన్‌లో 1980లో మామూలు రంగు జంటకే తెల్ల పిల్లలు పుట్టాయి, అది వేరే పాయ.

దీనికన్నా మంచి పని ఒకటుంది. బోర్డు చదవకముందే సింహం ఆసియాదో ఆఫ్రికాదో పాపను చెప్పమనండి. ఆసియా సింహానికి పొట్ట కింద పొడవునా వేలాడే చర్మపు మడత ఉంటుంది. మగదానికి జూలు, అంటే మెడ చుట్టూ ఉండే వెంట్రుకలు, పలచన, చెవులు బయటికి కనిపిస్తాయి. ఆఫ్రికా మగ సింహానికి చెవులు జూలులో మునిగిపోతాయి. పాత రోజుల్లో సర్కస్‌ల నుంచి వచ్చినవి రెండూ కలిసిన సంకరాలు కాబట్టి తేలకపోతే తేలలేదని రాయాలి.

సింహాల దగ్గర కంచె ముందు ఇంకో రెయిలింగ్ ఎందుకు ఉంటుందో కూడా చెప్పండి. మన మీదికి దూకుతుందని మాత్రమే కాదు. 2021 మేలో ఇక్కడి 8 ఆసియా సింహాలకు కొవిడ్ సోకింది. జబ్బు మన వైపు నుంచి కూడా అటు వెళ్తుంది. రెయిలింగ్ మీద పిల్లల్ని కూర్చోబెట్టి సెల్ఫీలు తీసేవాళ్లకు ఇది తెలియదు.

చుక్కలదుప్పి:

ఫోటోల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

250 దగ్గర మీ లెన్స్‌లో కనిష్ఠ ఎఫ్ నంబరు 5.6 (ఈ అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది). దాన్నే వాడండి, ఎఫ్ 8కి వెళ్తే జాలీ తీగలు తేలతాయి. జంతువు జాలీకి కనీసం మూడు నాలుగు మీటర్ల వెనక ఉండాలి. జాలీకి ఆనుకుని పడుకున్న చిరుతను ఎవరు తీసినా గీతలే వస్తాయి, ఆగండి. రెయిలింగ్ వల్ల లెన్స్‌ను జాలీకి ఆనించడం మన జూల్లో కుదరదు. అందుకని నీడ పడిన జాలీ ముక్క వెతుక్కోండి. ఎండ పడిన తీగ తెల్లగా మెరిసి ఫోటో అంతా పాలు పోసినట్టు చేస్తుంది. ఒకే ఎన్‌క్లోజర్‌కు రెండడుగులు పక్కకు జరిగితే నీడ దొరుకుతుంది, చాలామంది జరగరు. ఫోకస్ ఒకే చుక్క మీద పెట్టండి. అన్ని చుక్కలూ ఆన్‌లో ఉంచితే కెమెరా జాలీనే పట్టుకుంటుంది.

అద్దం ఉన్నచోట లెన్స్‌ను అద్దానికి ఆనించి, చుట్టూ నల్ల చున్నీ కప్పండి. పిల్లల చేతి ముద్రలన్నీ నడుము ఎత్తు దాకా ఉంటాయి, దానికి పైనుంచి తీయండి. అద్దం మందం వల్ల ఆకుపచ్చ ఛాయ వస్తే ఇంటికొచ్చాక తెలుపును (వైట్ బ్యాలెన్స్) సరిచేయొచ్చు. కందకం ఉన్న ఎన్‌క్లోజర్లు ఫోటోలకు అన్నిటికన్నా మేలు. మొసలి నోరు తెరుచుకుని ఉంటే ఒంటి వేడి తగ్గించుకుంటోంది. కదలడం లేదని రాయి విసరేవాళ్లు పక్కనే తయారవుతారు, పాపను కాస్త దూరంగా నిలబెట్టండి.

ఒక విభేదం. పైన మైసూరును పక్కన పెట్టారు గానీ అమ్మగారి మోకాళ్లకు అన్నిటికన్నా అనువైనది అదే. నేల దాదాపు చదును, ఒకే దారిలో చుట్టి వస్తే మూడు కిలోమీటర్లు, వెనక్కి నడిచే పని లేదు, పొడవునా పాత చెట్ల నీడ. 1892 నాటి తోట అది. వండలూరు 602 హెక్టార్లు, ఒక ఎన్‌క్లోజర్‌కూ ఇంకోదానికీ మధ్య నడకే నడక. అద్దె సైకిళ్లు పెట్టింది అందుకే, అవి పాపకు సరదా, పెద్దావిడకు పనికిరావు. దసరాకు కాక రెండో ట్రిప్పును నవంబరుకు జరపగలిగితే కాచిగూడ నుంచి మైసూరుకు నేరుగా రైలుంది.

కాచిగూడ_ప్లాట్‌ఫాం:

నడక సంగతి ఒప్పుకుంటాను. మైసూరు బండి దిగేసరికి పొద్దెక్కుతుంది, మరి తొమ్మిది పది మధ్య గీతలు కుదరవు. మర్నాడు పొద్దున గీయాలి, ఒక రాత్రి గది ఖర్చు కలుపుకోండి. అలా అయితే సాయంత్రం జూ పక్కనే ఉన్న కారంజి చెరువుకు అమ్మగారిని తీసుకెళ్లొచ్చు, అక్కడ పక్షుల మధ్యే నడిచే పెద్ద పంజరం ఉంది.

జనవరికి మాత్రం జరపకండి, ముఖ్యంగా చెన్నైని. మన కనుమ నాడో మర్నాడో వాళ్లకు కాణుం పొంగల్, ఊరు ఊరంతా వండలూరులోనే ఉంటుంది.

బహదూర్‌పురా_బస్టాప్:

అయితే దసరాకు వైజాగ్, బుధవారం దిగేలా. మంగళవారం వద్దు, సెలవు మర్నాడు కదా. నవంబరులో మైసూరు, శుక్రవారం చేరి శనివారం పొద్దున గీతలు. ఈ బుధవారం స్కూలు మధ్యాహ్నం నుంచే, పొద్దున్నే మన జూలో ఎలుగుబంటితో మొదలు. అర నిమిషం టైమర్ శబ్దం వస్తే జంతువు ఇటు చూడదా?

ఎలుగుబంటి_నోట్సు:

చూస్తుంది. వైబ్రేషన్‌లో పెట్టి ఫోన్ పాప జేబులో వేయండి. మొదటి రెండు నిమిషాలు గీయకుండా ఊరికే నిలబడండి, మీరు వచ్చిన సంగతి అది మరిచిపోయాక మొదలుపెట్టండి.